ఎక్కువమంది మేలు, తక్కువమంది ఊరు

పదిమంది బాగు కోసం ఒకరు నష్టపోతే తప్పేముంది? ఈ ప్రశ్న మన ఏజెన్సీ పిల్లలకు కొత్తది కాదు. వక్తృత్వ పోటీల్లో ‘భారీ ప్రాజెక్టులు – అభివృద్ధి’ అనే అంశం ఇచ్చినప్పుడల్లా ఇదే ప్రశ్న వేరే వేషంలో వస్తుంది. మైదాన ప్రాంతం పిల్లలు లెక్కలు చెప్తారు, మన పిల్లలు కన్నీళ్ళు చెప్తారు. చప్పట్లు ఇద్దరికీ పడతాయి, బహుమతి మాత్రం లెక్కలకు పోతుంది. మన యువకులు రాస్తున్న కవితల్లో, వ్యాసాల్లో కూడా ఇదే కనబడుతోంది. అడవితల్లి బిడ్డలం, అమాయకులం, మమ్మల్ని ముంచొద్దు అని వేడుకోవడం ఎక్కువైంది. వేడుకుంటే జాలిపడతారు, జాలిపడి పరిహారం కొంత పెంచుతారు. ముంచడమే తప్పు అని ఒప్పించాలంటే మాత్రం వాదం కావాలి.

ఆ వాదం నేర్చుకోవడానికి ఒక కథ పనికొస్తుంది. అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1973లో అచ్చువేసిన ‘ఒమెలాస్‌ని విడిచి వెళ్ళేవాళ్ళు’. నాలుగైదు పేజీలకు మించదు. ఒమెలాస్ అనే నగరంలో అందరూ సుఖంగా ఉంటారు. రాజు లేడు, బానిసలు లేరు, పండుగలకు కొదవ లేదు. కానీ ఒక ఇంటి కింద, కిటికీ లేని చిన్న గదిలో ఒక బిడ్డను బంధించి ఉంచుతారు. పదేళ్ళ బిడ్డ, తిండి లేక ఆరేళ్ళదానిలా కనిపిస్తుంది. ఆ బిడ్డను బయటికి తెచ్చి స్నానం చేయించి అన్నం పెడితే నగరం సుఖమంతా ఆ పూటే పోతుంది. అదీ షరతు. ఊళ్ళో ప్రతివాళ్ళకూ చిన్నతనంలోనే ఈ సంగతి చెప్తారు. చాలామంది ఏడ్చి, తర్వాత సర్దుకుపోతారు. కొద్దిమంది మాత్రం ఎవరికీ చెప్పకుండా నగరం విడిచి వెళ్ళిపోతారు.

ఈ ఆలోచన విలియం జేమ్స్ అనే తత్వవేత్త రాతల్లో దొరికిందని రచయిత్రే చెప్పింది. అయినా ఆమె ఎవరి ఇంట్లో పెరిగిందో మనం తెలుసుకోవాలి. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ కాలిఫోర్నియా ఆదివాసుల మీద పరిశోధన చేసినవాడు. యాహి తెగలో చివరి మనిషిగా పేరుపడిన ఇషి, ఆ పరిశోధకుల మ్యూజియంలోనే బతికి 1916లో చనిపోయాడు. ఆ ఇంటి బిడ్డకు ఇలాంటి కథ తట్టడం వింతేమీ కాదనిపిస్తుంది నాకు.

ఒమెలాస్ వాళ్ళ తర్కానికి ఒక పేరుంది. ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసేదే మంచి పని అన్న ప్రయోజనవాదం. ఇంగ్లాండులో జెరెమీ బెంథాం, ఆ తర్వాత జాన్ స్టూవర్ట్ మిల్ దీన్ని నిలబెట్టారు. మనవాళ్ళు ఈ సిద్ధాంతం పేరెత్తగానే కొట్టిపారేస్తారు. అది సరికాదు. జమీందారు సుఖమూ కూలివాడి సుఖమూ ఒకే తూకంలో వేయాలని అడిగిన సిద్ధాంతం ఇది. ఆ రోజుల్లో అది చిన్నమాట కాదు.

పోలవరం దగ్గర దీన్ని పెట్టి చూడండి. ఒకవైపు 7.2 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు, కృష్ణాకు 80 టీఎంసీలు, విశాఖ అవసరాలకు 23.44 టీఎంసీలు. ఇంకోవైపు లక్షకు పైగా కుటుంబాలు, వాటిలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో. మన వక్తలు ఇక్కడ ఏం చేస్తున్నారు? లెక్క తప్పంటున్నారు. ఇప్పపువ్వు లెక్కలో లేదు, వెదురు లేదు, గోదారి చేప లేదు, వేల్పు ఉండే చెట్టు లేదు అంటున్నారు. నిజమే, అవి లెక్కలో లేవు. కానీ రేపు ఒక మంచి అధికారి వచ్చి ఇప్పచెట్టుతో సహా అన్నీ రాసుకుని, అయినా డెల్టా వైపే మొగ్గు ఉందంటే అప్పుడేం చెప్తాం? లెక్క మీద గెలిచినవాడు లెక్క మీదే ఓడిపోతాడు. కాబట్టి లెక్క తప్పని చూపితే చాలదు, ఈ పని లెక్కతో తేలేదేనా అని కూడా అడగాలి.

ఇక్కడే జర్మన్ తత్వవేత్త కాంట్ అక్కరకొస్తాడు. 1785లో వచ్చిన పుస్తకంలో ఆయన మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదని వాదించాడు. ‘కేవలం’ అన్న మాట ముఖ్యం. బస్సు డ్రైవర్‌ని మనం వాడుకుంటున్నాం, కానీ ఆ పని అతను ఒప్పుకుని చేస్తున్నాడు. ఒమెలాస్ బిడ్డను ఎవరూ అడగలేదు. ఇంకో మాట కూడా అన్నాడాయన. ధర ఉన్నదాని బదులు ఇంకొకటి ఇవ్వవచ్చు, గౌరవం ఉన్నదానికి బదులు లేదు. పునరావాస ప్యాకేజీ ధర కట్టగలిగినవాటికి ధర కడుతుంది. నిర్వాసితులకు రావలసిన ప్రతి రూపాయీ రావాలి, అందులో రాజీ లేదు. కానీ డబ్బు సరిగా ఇచ్చారా అన్న ప్రశ్నా, అడిగి తీసుకున్నారా అన్న ప్రశ్నా వేరువేరు.

డెల్టా రైతు నీళ్ళడగడం తప్పా, ఒక్కడు కాదంటే ఆనకట్ట ఆగిపోవాలా అని ఎదుటివాళ్ళు అడుగుతారు. నీళ్ళడగడం తప్పు కాదు. ఆపే హక్కు ఒక్కడికి ఇమ్మని మనం అడగడం లేదు, గ్రామసభకు అడుగుతున్నాం. చట్టాల్లో రెండు మాటలున్నాయి, ఉపాధ్యాయులు పిల్లలకు వాటి తేడా చెప్పాలి. 1996 నాటి పెసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను ‘సంప్రదించాలి’ అంటుంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు ‘సమ్మతి’ తీసుకోవాలి అంటుంది. సంప్రదించినవాడు విని, తల ఊపి, తన పని తాను చేసుకోవచ్చు. సమ్మతి అడిగినవాడు ‘వద్దు’ అంటే ఆగాలి. అదే 2013లో ఒడిశాలో సుప్రీంకోర్టు ఆదేశంతో నియమగిరి ప్రశ్న గ్రామసభలకు వచ్చింది. పన్నెండుకు పన్నెండు సభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, తవ్వకం ఆగింది. మన దగ్గర 2014 పునర్విభజన చట్టం 90వ సెక్షన్ పోలవరానికి తెలంగాణ రాష్ట్రం సమ్మతి ఇచ్చినట్టే భావించాలని రాసింది. అది రాష్ట్రం సమ్మతి, ఊళ్ళ సమ్మతి కాదు, నిజమే. అయినా ‘ఇచ్చినట్టే భావించడం’ అన్న పద్ధతి మన ఊళ్ళకు బాగా తెలుసు.

మళ్ళీ కథ దగ్గరికి వస్తే, నాకు దాంతో ఒక పేచీ ఉంది. లె గ్విన్ రెండే దారులు చూపింది. ఉండి అనుభవించడం, లేదా విడిచి వెళ్ళడం. వెళ్ళినవాళ్ళ చేతులు శుభ్రంగా ఉంటాయి, బిడ్డ ఆ గదిలోనే ఉంటుంది. తలుపు తీసే మనిషి కథలో లేడు. చాలామంది విమర్శకులు ఆ వెళ్ళినవాళ్ళను మెచ్చుకుంటారు, నేను మెచ్చుకోలేను. పైగా మన దగ్గర కథ తిరగబడింది. దేవీపట్నం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో ఊరు విడిచి వెళ్ళింది సుఖపడినవాళ్ళు కాదు. గదిలో ఉన్నవాళ్ళనే లేపి కాలనీకి పంపారు.

ఇంకొకటి ఉంది, మన సభల్లో ఎవరూ ఎత్తరు. మన గూడేల్లో వరుసగా జ్వరాలొస్తే ఒక ముసలమ్మ మీద చేతబడి నింద పడుతుంది. ఊరు బాగుండాలంటే ఆమె పోవాలంటారు. కొట్టి తరిమినవీ, చంపినవీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. అది కూడా పదిమంది మేలు కోసం ఒకరు అనే లెక్కే. మనం ‘ఇది మా ఆచారం, మా జోలికి రావొద్దు’ అన్న వాదం ఒక్కటే పట్టుకుంటే ఆ ముసలమ్మకు జవాబు లేదు. కాంట్‌ని మనం ఆనకట్ట దగ్గరికి తీసుకెళ్తే ఆయన మన గూడెంలోకి కూడా వస్తాడు. రానివ్వాలి.

ఈ కథను తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక పీరియడులో చెప్పవచ్చు, వాళ్ళ ఇంటి భాషలో చెప్తే ఇంకా మంచిది. ‘నువ్వయితే ఒమెలాస్‌లో ఉంటావా, వెళ్తావా?’ అని ఎక్కువమంది టీచర్లు అడుగుతారు. అది నగరంవాళ్ళను అడిగే ప్రశ్న. మన తరగతిలో మాత్రం ఆ బిడ్డకు మాట్లాడే అవకాశం ఇచ్చి, ఏం చెప్తుందో ఒక పేజీ రాయమనండి. వేడుకోలు రాసినవాళ్ళకు పేజీ తిరిగి ఇచ్చి, ఎందుకు తప్పో కారణం కూడా రాయమనండి.