ఘనమూలం గుట్టు

మదనపల్లె దగ్గరి నిమ్మనపల్లెకు ఉత్తరాన, ప్రొద్దుటూరు దగ్గర కల్లూరు. నైరుతిన బెంగళూరు. కల్లూరులో 1907లో గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ పుట్టారు, బెంగళూరులో 1929లో మానసిక గణనలో పేరొందిన శకుంతలాదేవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడిపిల్లల్లో రెండో పేరు విన్నవాళ్లు చాలామందే ఉంటారు. మొదటి పేరు విన్నవాళ్లు తక్కువేనని నా అనుమానం.

శర్మగారు పుట్టుకతోనే అంధులు. అంకెలు రాసుకుని చూసుకునే వీలే లేదు. చెవిన పడ్డ సంఖ్యను మనసులో నిలుపుకోవాలి, జవాబు నోటితో చెప్పాలి. గణితావధానంలో ఒక పృచ్ఛకుడు పుట్టినతేదీ చెప్పి వారం అడుగుతాడు, ఇంకొకరు కొండంత గుణకారం ఇస్తారు, మరొకరు ఘనమూలం అడుగుతారు. చప్పట్లు ఎక్కువ మోగేది మూలాలకే. నిజానికి ఆ మూడింటిలో గుట్టు తెలిస్తే చులకనయ్యేవి కూడా అవే.

1988లో బర్క్‌లీలో ఆర్థర్ జెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త శకుంతలాదేవిని 61629875కు ఘనమూలం అడిగారు. ఆయన పుస్తకంలో రాసుకునేలోపే జవాబు వచ్చేసింది. మనమూ తీద్దాం. కుడినుంచి మూడేసి అంకెలు విడదీస్తే 61, 629, 875. మూడు గుంపులు కాబట్టి జవాబుకు మూడంకెలు. చివర 5 ఉంటే మూలం చివరా 5 (ఘనం చివర 2 ఉంటే మూలానికి 8, 3 ఉంటే 7, అటుదిటూ అంతే. మిగతావి మారవు). మొదటి గుంపు 61. మూడు ఘనం 27, నాలుగు ఘనం 64, కాబట్టి మొదటి అంకె 3. ఇక నడిమి అంకె. కుడినుంచి అంకె విడిచి అంకె కూడితే 5, 8, 2, 1 కలిసి 16, విడిచినవి 28. 16లో 28 తీసేస్తే రుణ 12, దానికి 22 కలిపితే 10. అంటే సంఖ్యను 11తో భాగిస్తే మిగిలేది 10. ఘనం చేస్తే 10 మిగిల్చేది 10 ఒక్కటే. కాబట్టి మూలానికీ శేషం 10 రావాలి. 3కు 5 కలిపి నడిమి అంకె తీసేస్తే ఆ శేషం రావాలంటే అది 9 కావాలి. జవాబు 395.

పృచ్ఛకుడు ముందే ఘనం కట్టి తెచ్చిన సంఖ్యకే ఈ కిటుకు పనిచేస్తుంది. 1977లో డాలస్‌లో శకుంతలాదేవి 201 అంకెల సంఖ్యకు 23వ మూలం 50 సెకన్లలో చెప్పారు: 546372891. చివరి అంకె పట్టడానికి ఘనమూలం సూత్రమే చాలు, ఎందుకంటే ఘాతాల చివరి అంకెలు నాలుగేసి మెట్లకోసారి తిరిగొస్తాయి. 201 అంకెలు వింటే గుండె ఝల్లుమంటుంది గానీ జవాబు తొమ్మిదంకెలే. అయితే ఆ తొమ్మిదీ చివరినుంచే రావు. ముందువైపు అంకెలకు లాగరిథమ్‌లు కంఠతా ఉండాలి, అది వేరే తపస్సు.

సరిగ్గా తెగని మూలానికి ఏ దొడ్డిదారీ లేదు. 2000కు వర్గమూలం కావాలంటే దగ్గరి వర్గం 2025, దాని మూలం 45. తేడా 25ను 90తో భాగించి 45లోంచి తీసేస్తే 44.722. అసలు విలువ 44.72136. అక్కడినుంచి ఒక్కో అంకెకూ చెమటోడ్చాలి. మానసిక గణన ప్రపంచకప్‌లో ఆరంకెల సంఖ్యకు వర్గమూలాన్ని ఎనిమిది అంకెలదాకా చెప్పమంటారు.

హైదరాబాదులో ఒక సభలో శర్మగారిని రెండుకు 103వ ఘాతం అడిగారు. 10141204801825835211973625643008. మొత్తం 32 అంకెలు, ఒక్కటి జారినా అంతా తప్పే. శర్మగారు జవాబు చెప్పారు. వందల మూలాలకన్నా ఈ ఒక్క జవాబు ముందే నేను తల వంచుతాను.

మూలాలు తీసే విద్య మన భాషకు కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కకు పద్యమెందుకని నవ్వేవాళ్లుంటారు. కాగితం లేనిచోట సూత్రం నిలవాలంటే అంతకన్నా మంచి పెట్టె ఏముంది?

పిల్లలకు మొదలుపెట్టాలంటే ఒకటి నుంచి తొమ్మిదిదాకా ఘనాలు నేర్పితే చాలు. 1, 8, 27, 64, 125, 216, 343, 512, 729. తర్వాత 175616 ఇచ్చి ఊరుకోండి.