మార్గములు, బిందువులు, మర్మములు

చిత్తూరు సీమలో 'పుత్తూరు కట్టు' పేరు విననివారుండరు. విరిగిన చేతిని వ్రేళ్ళతో తడిమి, ఎముక కొనలు ఎక్కడ తొలగినవో గుర్తించి, వానిని సరిచేసి, ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టు వేయుట ఆ వైద్యుల పద్ధతి. అది అందరు రోగులకును మేలు చేయునా అనునది వేరే చర్చ. ఐతే ఒక సంగతి మాత్రము స్పష్టము. ఎముక సరిగా అతికినదో లేదో ఎక్స్-రే పటము చూపును. వ్రేళ్ళు చెప్పినదానిని పరికరము సరిచూడగలదు.

చైనా దేశపు సూదివైద్యమైన ఆక్యుపంక్చర్‌ను నేర్చుకొనువారికి కూడ మొదటి గురువులు వ్రేళ్ళే. భారత ప్రభుత్వము 2003లో దీనిని ఒక చికిత్సా విధానముగాను, 2019లో స్వతంత్ర వైద్యపద్ధతిగాను గుర్తించినది. దీనిని పరిచయము చేయు చిన్న పుస్తకములును, గోడ పటములును సాధారణముగా మూడు విషయములను ఒకే స్వరముతో చెప్పుచుండును: బిందువు ఎక్కడ ఉన్నది, అది ఏ మార్గము మీద ఉన్నది, అక్కడ సూది గ్రుచ్చిన ఏ బాధ తగ్గును. ఈ మూడును ఒకే తరగతికి చెందిన సత్యములు కావు. వీనిని విడదీయక నేర్పుటయే అట్టి బోధనలోని ప్రధాన లోపము.

బిందువు ఎక్కడ?

మూడింటిలో గట్టి పునాది గలది ఇదే. పన్నెండు ప్రధాన మార్గములపై 309 బిందువులు, దేహమునకు ముందు, వెనుక మధ్యరేఖలపై 52, మొత్తము 361 బిందువులు కలవు. వీని స్థానములను గూర్చి చైనా, జపాన్, కొరియా నిపుణులు చర్చించి కుదుర్చుకొన్న నిర్ణయములను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో గ్రంథముగా ప్రకటించినది. అందులో ఆరు బిందువుల విషయమున ఏకాభిప్రాయము కుదరక, రెండవ స్థానమును కూడ సూచింపవలసి వచ్చినది.

కొలతకు వాడునది 'సున్' అను ప్రమాణము. ఇది అంగుళము వలె అందరికి ఒకటే కాదు. రోగి బొటనవ్రేలి వెడల్పు ఒక సున్. బొటనవ్రేలు గాక తక్కిన నాలుగు వ్రేళ్ళు చేర్చిన వెడల్పు మూడు సున్‌లు. మోచేతి మడత నుండి మణికట్టు మడత వరకు పన్నెండు సున్‌లు. ఆ దూరము 24 సెంటీమీటర్లున్న మనిషికి ఒక సున్ 2 సెంటీమీటర్లగును. కనుక మణికట్టుకు రెండు సున్‌ల పైన, రెండు స్నాయువుల నడుమ ఉండు 'నెయ్‌గువాన్' బిందువు అతనికి 4 సెంటీమీటర్ల దూరమున దొరకును. పొడుగువానికి, పొట్టివానికి, పిల్లవానికి ఎవరి దేహమే వారికి కొలబద్ద. ఈ ఏర్పాటులోని తెలివిని మెచ్చుకొనవలసినదే.

మార్గము ఉన్నదా?

ఇక మార్గముల సంగతి వేరు. ప్రాచీన చైనా వైద్యులు వీనియందు 'చీ' అను శక్తి ప్రవహించునని నమ్మిరి. పన్నెండు మార్గములను తమ దేశపు పన్నెండు నదులతో పోల్చిరి. స్వర్ణముఖి యెండిన నెలలలో కూడ ఇసుక పాయ కంటికి కనబడును. శవపరీక్షలో నరము, ధమని, సిర కత్తికి, పట్టుకారుకు అందును. తిరుపతిలో 1960లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల వంటి ఏ చోట శరీర నిర్మాణశాస్త్రము నేర్చిన విద్యార్థికైనను ఈ నదుల పాయ మాత్రము కనబడదు. ఇరవైమూడు బిందువులు గల ఒక మార్గమునకు 'మూడు పొయ్యిలు' అను అర్థము వచ్చు పేరు కలదు. ఆ పేరు గల అవయవమే దేహములో లేదు.

చరిత్ర కూడ ఇట్టి సందేహమునే బలపరచును. క్రీస్తు పూర్వము 168లో మూసిన మవాంగ్‌దుయీ సమాధి 1973లో బయల్పడగా, అందు దొరికిన వైద్యగ్రంథములలో పదునొకండు మార్గములే ఉన్నవి. బిందువుల ప్రసక్తి లేదు. తరువాతి 'హువాంగ్‌ది నెయ్‌జింగ్' మార్గములను పన్నెండు చేసి, బిందువులు సంవత్సరమునందలి దినములవలె 365 అన్నది. 1027లో వాంగ్ వెయీ పోతపోయించిన కంచు బొమ్మలపై పేరు గల బిందువులు 354. నేడు 361. అనగా ఈ సంఖ్యలలో కొన్ని దేహమును చూచి లెక్కించినవి కావు. పంచాంగమును, భూగోళమును చూచి కుదిర్చినవి.

గ్రుచ్చిన ఫలమెంత?

2007లో ప్రకటింపబడిన ఒక జర్మన్ పరిశోధనలో నడుమునొప్పి గల 1,162 మందిని మూడు వర్గములుగా విభజించిరి. సరియైన బిందువులలో సూదులు గ్రుచ్చినవారిలో 47.6 శాతమునకు, బిందువులు కాని చోట్ల పైపైన గ్రుచ్చినవారిలో 44.2 శాతమునకు, మందులు, వ్యాయామము మొదలగు వాడుక చికిత్స పొందినవారిలో 27.4 శాతమునకు గుణము కనిపించినది. సూది పనిచేసినట్లే ఉన్నది. కాని బిందువు తప్పినను దాదాపు అంతే పనిచేసినది! తరువాత వేలకొలది రోగుల వివరములను కలిపి చూచినపుడు, దీర్ఘకాలపు నొప్పులలో సరియైన సూదికి కొంత ఆధిక్యము కనబడినది గాని, అది స్వల్పము.

అట్లని స్థానమునకు అర్థమే లేదనుటయు తొందరపాటగును. మోకాలి క్రింద 'జూసాన్లీ' అను బిందువు కలదు. అచట స్వల్ప విద్యుత్తుతో సూదిని ప్రేరేపించినపుడు ఎలుకలలో వాపును తగ్గించు నాడీచర్య కలుగుటను, పొట్టమీది బిందువు వద్ద అది కలుగకపోవుటను 2021లో శాస్త్రజ్ఞులు చూపిరి. కారణము ఆ కాలి లోపలి పొరలకు చేరు ఒక ప్రత్యేక జాతి నాడీకణములు. ఇక్కడ బిందువు నిలిచినది. దానిని నిలిపినది మార్గము కాదు, నరము.

మర్మము బిందువు కాదు

'ఇది మనకు క్రొత్త కాదు, సుశ్రుతుని మర్మములే ఆ బిందువులు' అను మాట తరచు వినబడును. తిరుమల తిరుపతి దేవస్థానములవారు 1983లో స్థాపించిన ఆయుర్వేద కళాశాలలో చేరిన విద్యార్థి శరీరరచనా పాఠములలో మర్మములను చదువును. సుశ్రుతుడు చెప్పినవి 107: మాంసమునందు 11, సిరలయందు 41, స్నాయువులయందు 27, ఎముకలయందు 8, కీళ్ళయందు 20. కాని వానిని అతడు చెప్పుట గ్రుచ్చుటకు కాదు, కాపాడుటకు. బొటనవ్రేలికి, చూపుడు వ్రేలికి నడుమనున్న 'క్షిప్ర' మర్మమునకు దెబ్బ తగిలిన మనిషి ఈడ్పులతో మరణించుననెను. ఇంచుమించు ఆ చోటనే చైనా వైద్యుడు 'హెగు' బిందువున పంటినొప్పికి సూది గ్రుచ్చును. చోటు ఒకటి కావచ్చును. జ్ఞానము ఒకటి కాదు. స్వదేశాభిమానముతో రెంటిని కలిపివేసిన ఇద్దరికిని అన్యాయము జరుగును.

సుశ్రుతుని హెచ్చరిక నేటికిని అక్కరలేనిది కాదు. భుజముపైని 'జియాన్‌జింగ్' బిందువునకు క్రింద ఊపిరితిత్తి కొన ఉన్నది. సూది లోతు మించిన, ఊపిరితిత్తి చుట్టును గాలి చేరి ప్రాణాపాయము కలుగవచ్చును. శుద్ధిచేయని సూదివలన కామెర్ల వ్యాధిక్రిములు ఒకరినుండి మరొకరికి సోకవచ్చును. గోడ పటము చర్మముపై చుక్కను చూపునే గాని, చర్మము క్రింద ఏమున్నదో చూపదు. దానిని చూచి సూది పట్టుట తగదు.

ఉపాధ్యాయునికి మాత్రము ఇందొక చక్కని పాఠము దొరకును. తరగతిలో పదిమంది పిల్లలచే, సూదితో పని లేకుండ, ఒకే విద్యార్థి ముంజేతిపై నెయ్‌గువాన్ స్థానమును కొలిపింపవలెను. మొదట ఎవరి బొటనవ్రేలితో వారు, తరువాత స్కేలుతో ముంజేతి పొడవును పన్నెండు భాగములు చేసి కొలువవలెను. ప్రతివాని కొలతను విడివిడిగా వ్రాసికొని, ఏ పద్ధతిలో గుర్తులు ఎంత చెదరినవో పోల్చి చూచుకొనవచ్చును. కొలిచిన దానిని, నమ్మిన దానిని, పరీక్షించిన దానిని మూడు వరుసలలో విడిగా వ్రాయుట పిల్లలకు అలవడినచో, రేపు వారి ఎదుట ఏ వైద్యపు పటము వ్రేలాడినను వారు మోసపోరు. తొందరపడి త్రోసిపుచ్చను పుచ్చరు.