వడకకముందే రంగు

ఉన్నికి రంగు మూడు దశల్లో వేయవచ్చు. బట్ట నేసేశాక ముంచవచ్చు. దారం వడికాక చిలపలుగా ముంచవచ్చు. లేదంటే గొర్రె మీంచి కత్తిరించిన బొచ్చును కడిగి, దానికే రంగెక్కించి, ఆ తర్వాత ఏకి వడకవచ్చు. మొదటి రెండు పద్ధతుల్లో ఖర్చు తక్కువ, పనీ త్వరగా తెములుతుంది. మూడోదానికి ఓపిక కావాలి, వృథా కూడా ఎక్కువ. అయినా ఉన్ని అసలు అందం ఈ మూడో దారిలోనే బయటపడుతుంది.

నమ్మకం కుదరకపోతే హారిస్ ట్వీడ్ కోటు ఒకటి దొరికినప్పుడు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. స్కాట్లండ్‌కు వాయవ్యాన, అట్లాంటిక్‌లో ఉన్న అవుటర్ హెబ్రిడీస్ దీవుల బట్ట అది. దూరానికి మట్టిరంగులో కనిపించే గుడ్డలో నారింజ, నీలం, ఆకుపచ్చ, ఒక్కోసారి ఊదా పోగులు కూడా కనిపిస్తాయి. బొచ్చును విడివిడిగా కొన్ని మూలరంగుల్లో ముంచి, ఒక్కో రంగును తూకం వేసి కలిపి, ఏకి, వడుకుతారు. ఏ రంగూ ఇంకో రంగులో కరిగిపోదు, పక్కపక్కనే ఉంటుంది. వాటిని కలిపి చూసే పని మన కంటిది. పసుపు, నీలం ద్రావణాలు కలిపితే వచ్చే ఆకుపచ్చ చదునుగా ఉంటుంది. పసుపు ఉన్ని, నీలం ఉన్ని కలిపి ఏకితే వచ్చే ఆకుపచ్చ వెలుతురు మారినప్పుడల్లా కొంచెం కదులుతుంది. ఈ బట్ట పేరుకు చట్టం రక్షణ కూడా ఉంది. 1993లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన హారిస్ ట్వీడ్ చట్టం ప్రకారం, ఆ దీవుల్లోనే రంగు వేసి వడికిన కొత్త ఉన్నితో, దీవులవాసులు తమ ఇళ్లలో చేత్తో నేసి, దీవుల్లోనే తుదిమెరుగులు దిద్దిన బట్టకే ఆ పేరు చెల్లుతుంది.

ఇప్పుడు అక్కడ రంగు వేయడం, వడకడం మిల్లుల్లో జరుగుతున్నాయి. ఒకప్పుడు అది ఆడవాళ్ల ఆరుబయటి పని. వాగు పక్కన పెద్ద ఇనుప కాగు, కింద మంట. రాళ్లమీద పొరలా పెరిగే క్రోటల్ అనే లైకెన్‌ను గీరి తెచ్చి, కాగులో ఒక వరుస లైకెన్, ఒక వరుస ఉన్ని పేర్చి, నీళ్లు పోసి గంటల తరబడి ఉడికించేవాళ్లు. పటిక గానీ మరో ఉప్పు గానీ అక్కర్లేకుండానే ఎర్రమట్టి రంగు పట్టేది. రాతి నుంచి వచ్చింది రాతికే తిరిగిపోతుందని ఒక నమ్మకం. అందుకని ఆ రంగు మేజోళ్లు తొడుక్కుని సముద్రం మీదికి వెళ్లడానికి జాలర్లు జంకేవారట.

ఉన్నికి రంగు ఇంత తేలిగ్గా ఎందుకు పడుతుంది? నూలు బట్టకు రంగు వేయడం ఎంత కష్టమో మచిలీపట్నం, కాళహస్తి కలంకారీ పనివాళ్లను అడిగితే చెబుతారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముందు బట్టను నానబెట్టాలి, పటిక పెట్టాలి, చిరివేరుతో ఉడకబెట్టాలి. పత్తి సెల్యులోజు, రంగుతో దానికి చుట్టరికం తక్కువ. ఉన్ని కెరటిన్ అనే ప్రోటీను. మన జుట్టుదీ అదే పదార్థం. నెరిసిన జుట్టుకు గోరింటాకు రుబ్బి పెడితే ఏ ఉప్పూ లేకుండానే ఎర్రగా పట్టేస్తుంది కదా, ఉన్నిదీ అదే స్వభావం. ప్రోటీనులో రంగు అణువుల్ని పట్టుకునే కొక్కేలు చాలా ఉన్నాయి.

అయినా చాలా మొక్కల రంగులకు పటిక కావాలి. కిలో ఉన్నికి నూరు, నూటయాభై గ్రాముల పటిక సరిపోతుంది. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో ఉన్నిని, ఇంకో చేత్తో రంగును పట్టుకుని కూర్చుంటుంది. దాని బదులు చిటికెడు అన్నభేది అనే ఇనుప లవణం వేస్తే, దానిమ్మ తొక్క ఇచ్చే పసుపు కాస్తా బూడిదపచ్చకు దిగిపోతుంది. మంజిష్ఠను మాత్రం మరగనివ్వకూడదు. చెయ్యి పెట్టలేనంత వేడిలో, మరుగుకు బాగా తక్కువగా, నిదానంగా ఉంచితే మంచి ఎరుపు. మరిగిందా, గోధుమరంగు పైకి తేలుతుంది. నీలిమందు తీరు వేరు. దానికి పటిక అక్కర్లేదు, గాలి లేని బాన కావాలి. బానలోంచి తీసినప్పుడు పచ్చగా ఉన్న ఉన్ని గాలి తగలగానే కళ్లముందే నీలమైపోతుంది. కానీ నూలు కోసం కట్టే సున్నపు బాన ఉన్నికి పనికిరాదు. గాఢమైన క్షారం ప్రోటీనును తినేస్తుంది. యూరప్ పల్లెల్లో ఉన్నికి నీలి బానలు పులిసిన మూత్రంతో కట్టింది అందుకే. దాంట్లోని అమ్మోనియా మెత్తని క్షారం. కంపు సంగతి వేరే చెప్పాలా!

సహజ రంగులంటే హానిలేనివన్న మాట ఈమధ్య ప్రతి ప్రదర్శనలోనూ వినిపిస్తోంది. అంత సులువుగా ఒప్పుకోవడానికి లేదు. పాతకాలపు రంగరేజులు మొక్కల రంగులకు మెరుపు తేవడానికి తగరం లవణాలు వాడారు, తర్వాతి వాళ్లు క్రోమియం లవణాలు కూడా వాడారు. ఇక లైకెన్ ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు మించి పెరగదు. దాన్ని గీరి పదిమందికి మేజోళ్లు అల్లవచ్చు, అంగడి నింపలేం.

1856లో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు లండన్‌లో క్వినైన్ తయారు చేయబోయి ఊదారంగు కనిపెట్టాడు. కృత్రిమ రంగుల చరిత్ర అక్కడ మొదలైంది. ఈ రోజు చేత్తో ఉన్నికి రంగువేసి అమ్మేవాళ్లలో ఎక్కువమంది వాడేవి ఆ పరంపరలోని ఆమ్ల రంగులే. ఆమ్లమంటే భయపడనక్కర్లేదు, వంటింటి వినిగర్ చాలు. నూరు గ్రాముల ఉన్నికి ఒక గ్రాము పొడి వేస్తే మధ్యరకం ఛాయ వస్తుంది. నీళ్లు మరుగుకు కాస్త తక్కువ వేడిలో అరగంటకు పైగా ఉంటే రంగంతా ఉన్నిలోకి వెళ్లిపోయి నీళ్లు తేటపడతాయి. రంగేసే పనిలో అన్నిటికన్నా తృప్తినిచ్చే ఘట్టం నా దృష్టిలో అదే. మోరీలోకి పారబోయడానికి రంగే మిగలదు. వేడి మెల్లగా పెంచి వినిగర్ చివర్లో పోస్తే రంగు సమంగా పడుతుంది. వినిగర్ ముందే పోసి వేడి నీళ్లలో రంగు చల్లితే పడినచోటే పట్టేసి మచ్చలవుతుంది. చాలామంది కావాలనే రెండోది చేస్తారు. గొర్రె వెన్నుమీద ఎండకూ వానకూ నలిగిన బొచ్చు కొసలు మొదళ్ల కంటే భిన్నంగా రంగు పీలుస్తాయి. మిల్లు మేస్త్రీకి ఇది లోపం. చేత్తో వడికేవాళ్లకు మాత్రం, ఒకే కాగులోంచి నాలుగు ఛాయలు ఉచితంగా వచ్చినట్టు.

ఉన్నికి రంగు వేసేటప్పుడు అసలు గండం రంగుతో రాదు, ఉన్ని గడ్డకట్టడంతో వస్తుంది. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడి, తడి, కదలిక మూడూ కలిస్తే పోగులు ఒకదానిలోకి ఒకటి జారి, పొలుసులు వెనక్కి రానివ్వక చిక్కుపడిపోతాయి. ఇక వడకడానికి వీలుండదు. అందుకే కాగులో గరిటె పెట్టి తిప్పరు, పైనుంచి మెల్లగా అదుముతారు. ఉడికిన ఉన్నిని దానంతటది చల్లారనిస్తారు. వేడిలోంచి తీసి చన్నీళ్లలో పడేస్తే ఆ పూట పని పోయినట్టే. అంతకుముందు జిడ్డు వదిలించేటప్పుడూ ఇదే జాగ్రత్త. మురికి, జిడ్డు పోతే కొన్ని జాతుల బొచ్చు తూకంలో దాదాపు సగం తగ్గిపోతుంది.

అదే గండాన్ని విద్యగా మార్చుకున్నవాళ్లు మధ్య ఆసియా సంచారజాతులు. ఆల్టాయ్ పర్వతాల్లో పజిరిక్ సమాధులను 1940ల్లో సెర్గీ రుడెంకో తవ్వినప్పుడు, మంచులో గడ్డకట్టి దాదాపు 2,300 ఏళ్లుగా చెడకుండా ఉన్న రంగురంగుల ఫెల్ట్, అంటే గడ్డకట్టించిన ఉన్ని బట్ట, బయటపడింది. దాంతో చేసిన హంసబొమ్మలు ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. కిర్గిజ్‌స్థాన్‌లో ఆలా-కియిజ్ అనే తివాచీని ఇప్పటికీ ఉన్నిని గడ్డకట్టించే చేస్తారు. రెల్లుచాప మీద ఉన్ని పరిచి, దానిమీద రంగేసిన ఉన్నితో ముగ్గులా బొమ్మ పేర్చి, వేడినీళ్లు చల్లి, చాపతో సహా చుట్టి దొర్లిస్తారు. నేత లేదు, కుట్టు లేదు. రంగుల అంచులు ఒకదానిలోకి ఒకటి మెత్తగా పాకుతాయి. షిర్దక్ అనే ఇంకో రకంలో రంగు ఫెల్ట్ ముక్కల్ని కత్తిరించి, ఒకదాని ఖాళీలో మరొకటి పొదిగి కుడతారు. 2012లో యునెస్కో ఈ రెంటినీ తక్షణం కాపాడాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. మన కాశ్మీరు నమ్దా ఈ కుటుంబానికి చెందినదే.

ఇక అల్లేవాళ్లకు ఒక మాట. దుకాణంలో మెషిన్ వాష్ అని అమ్మే ఉన్నికి క్లోరిన్‌తో పొలుసులు అణిచి, పైన పల్చని రెసిన్ పూత పూసి ఉంటుంది. రంగు దానిమీద త్వరగా, మెరుపుగా ఎక్కుతుంది. పసిపిల్లల స్వెటర్‌కు అది సుఖం. నమ్దాకు మాత్రం అది ఎంత దొర్లించినా గడ్డకట్టదు. చేత్తో రంగులద్దిన ఏకులు కొని వడికేవాళ్లు రెండు పోగులు మామూలుగా పేనితే రంగులు మెలికలుగా కలిసిపోతాయి. రంగు చారలు విడివిడిగా నిలవాలంటే ఒకే పోగును గొలుసుగా మడుస్తూ మూడు పేటలుగా పేనాలి.

తెలుగు నేలమీద ఉన్ని అంటే గొంగడి. తెలంగాణ కురుమల గొంగడికి రంగు వేయరు, దక్కనీ గొర్రె నల్లటి రంగే దాని రంగు. ఆడవాళ్లు వడికిన ఉన్ని దారానికి చింతగింజల గంజి పెట్టి గుంటమగ్గం మీద నేస్తారు. నల్లజుట్టుకు గోరింటాకు కనిపించనట్టే నల్ల ఉన్నికి ఏ రంగు వేసినా కనిపించదు. ఆ లోటును వాళ్లు గొర్రెల సహజ ఛాయల్ని ఏరి, అంచులో చారలుగా పెట్టి తీర్చుకున్నారు. దక్కనీ ఉన్ని మెరినో గొర్రె ఉన్నిలా మెత్తగా లేదని ఫిర్యాదు చేయడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడమే. మెడకు చుట్టుకునే మఫ్లరు కాదది, వాననూ చలినీ ఆపే బట్ట. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని లేని నెల్లూరు రకాలు మందల్లోకి వచ్చాక దక్కనీ తగ్గిపోయింది. ఉన్నికి కొనేవాళ్లు లేక కత్తిరించిన బొచ్చు చాలాచోట్ల పెంటకుప్ప మీదికి పోతోంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. మందలో బూడిదరంగు, తెలుపు మచ్చల గొర్రెలూ ఉంటాయి. బూడిద బొచ్చు మీద మంజిష్ఠ, లక్క, నీలిమందు వేస్తే తెల్ల ఉన్ని మీద రాని లోతైన ఛాయలొస్తాయి. చాపలు, బ్యాగులు, చెప్పుల అట్టలకు ఈ ముతక ఉన్ని ఫెల్టు దిట్టంగా ఉంటుంది.

చేసి చూడాలనిపిస్తే పెద్ద సరంజామా అక్కర్లేదు. వంటకు మళ్లీ వాడని గిన్నె ఒకటి, పటిక, దోసెడు ఉల్లిపొట్టు లేదా ఎండిన మోదుగుపూలు. పసుపుకొమ్ము జోలికి పోకండి, ఎండకు ఇట్టే వెలిసిపోతుంది. ఉన్ని కత్తిరించే రోజుల్లో దగ్గర ఊళ్లోని కురుమల ఇంటికి వెళ్లి లేతరంగు బొచ్చు ఓ కిలో అడగండి. ఎంత చెబితే అంత ఇవ్వండి, బేరమాడకండి.