చెమర్చే కుండ

మార్చి వచ్చేసరికి తెలుగు పట్టణాల్లో రోడ్ల పక్కన కుండలు, కూజాలు, తెలంగాణలోనైతే రంజన్లు బారులు తీరుతాయి. కొనేవాళ్లు వేలితో తట్టి ఖంగుమంటుందో లేదో చూస్తారు. పగులు లేదని తేల్చుకోవడానికి అది మంచి పరీక్షే. చల్లదనం సంగతి తేలేది మాత్రం ఇంటికొచ్చి నీళ్లు పోశాకే. కొన్ని గంటల్లో కుండ ఒళ్లంతా చెమర్చాలి.

కిటుకంతా ఆ చెమటలోనే ఉంది. కుమ్మరి చెరువు మట్టిలో ఇసుకో, బూడిదో, ఊకో కలిపి తొక్కుతాడు. ఆవంలో కాలేటప్పుడు ఊక మండిపోయి, ఆ చోట కంటికి కనిపించని సందులు మిగులుతాయి. పింగాణీని 1,200 డిగ్రీలు దాటించి కాలుస్తారు కాబట్టి దాని రంధ్రాలు మూసుకుపోతాయి. ఆవం అంత వేడెక్కదు. అందుకే కుండ గోడలోంచి నీరు మెల్లగా పైకి ఊరుతుంది, ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ లెక్కన 10 లీటర్ల కుండలోంచి 100 మిల్లీలీటర్లు ఆవిరైతే మిగతా నీరు ఐదారు డిగ్రీలు చల్లబడాలి. బయటి గాలి వేడి లోపలికి చేరుతూనే ఉంటుంది గనక అంతా దక్కదు. అయినా కరెంటు లేకుండా జరిగే పని ఇది!

ఫలితం అన్ని ఊళ్లలో ఒకేలా ఉండదు. అనంతపురంలో 40 డిగ్రీల ఎండ, గాలిలో 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం కుండ నీరు చల్లబడగల హద్దు సుమారు 22 డిగ్రీలు. విశాఖలో 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున ఆ హద్దు 30 దగ్గరే. ఉక్కపోతలో చెమట ఆరనట్టే కుండ కూడా ఆరదు. కోస్తా ఇళ్లలో కుండను వంటింటి మూలకు నెట్టేయకుండా గాలి వీచే కిటికీ పక్కన, నీడలో, కుదురు మీద పెడితే ఉన్నంతలో మేలు. పైన తడిగుడ్డ చుట్టినా మంచిదే. రంగులేసిన అందమైన కుండలు మాత్రం ఈ పనికి రావు. నూనె రంగు సందులను పూడ్చేస్తుంది.

ఇదే సూత్రంతో గుజరాత్‌లోని వాంకానేర్‌కు చెందిన మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి 2001 భూకంపం తర్వాతి సంవత్సరాల్లో మట్టి ఫ్రిజ్ తయారుచేశారు. పై అరలోని నీరు ఊరి ఆవిరవుతుంటే కింది అరల్లో కూరగాయలు తాజాగా ఉంటాయి.

కుండ నీళ్లు సర్వరోగ నివారిణి అని చెప్పేవాళ్లు ఉన్నారు. అంత మాట అనక్కర్లేదు. నీరు చల్లగా, హాయిగా ఉంటే ముసలివాళ్లూ పిల్లలూ మరో గ్లాసు తాగుతారు. వడగాలుల రోజుల్లో అంతకంటే కావలసిందేముంది? అలాగని కుండ నీటిని శుద్ధి చేయదు. నల్గొండ బోరునీటిలోని ఫ్లోరైడ్ కుండలోనూ అలాగే ఉంటుంది. దాన్ని తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ఆ జిల్లా పేరే స్థిరపడింది. కాబట్టి ముందు నీటిని పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువున్న చోట ఆర్వో తప్పదు. నీరు బాగున్న చోట కూడా ఆర్వో పెట్టి, లీటరు తాగునీటి కోసం రెండు మూడు లీటర్లు మోరీలోకి వదలడం అన్యాయం. లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోపు ఉన్న ప్రాంతాల్లో ఆర్వోలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది.

శుభ్రం విషయంలో రాజీ కుదరదు. చేతిని, చేతిలోని గ్లాసును కుండలో ముంచితే మంచి నీరు కూడా చెడిపోతుంది. పొడవు కాడ గరిటె గానీ, అడుగున కుళాయి ఉన్న కుండ గానీ వాడాలి. వారానికోసారి ఖాళీ చేసి, సబ్బు లేకుండా కొబ్బరి పీచుతో లోపలి గోడలు రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు ఆ గోడలకే అంటుకుని ఉంటాయి. మూత అందరూ పెడతారు. కుండ కింద పళ్లెంలో చేరిన నీటిని పారబోయడమే చాలామంది మరిచిపోతారు. దోమకు ఆ కాస్త నీరు చాలు.

ఉగాది దగ్గరపడితే చలివేంద్రాలు మొదలవుతాయి. కుండలు పాతవే అయినా పక్కన ప్లాస్టిక్ గ్లాసుల గుట్టలు కొత్తగా వచ్చి చేరాయి. ఒకప్పుడు వడ్డించే మనిషి ముంతతో పోస్తే బాటసారి దోసిలి పట్టి తాగేవాడు. ఎవరి ఎంగిలీ అంటేది కాదు, పారేయడానికి ఏమీ మిగిలేది కాదు. దోసిలి ఇబ్బంది అనుకుంటే రెండు డజన్ల స్టీలు గ్లాసులు, కడగడానికి ఒక తొట్టి చాలు. ఈ వేసవిలో చలివేంద్రం పెట్టే సంఘాలు, దుకాణదారులు టెంటు ఖర్చుతో పాటు ఈ రెంటినీ, నీళ్లు పోసే మనిషి కూలినీ జాబితాలో రాసుకోవాలి.