శాలిహుండంలో మనం చెప్పని పాఠం

మన ఏజెన్సీ బడుల పిల్లల్ని శాలిహుండం తీసుకెళ్తుంటాం. గార మండలంలో వంశధార ఒడ్డున కొండ. మెట్లెక్కితే ఇటుక స్తూపాలు, చైత్యాలు, కింద నది. చూడదగ్గ చోటే. అక్కడ మనం చెప్పే పాఠమే నాకు చాలడం లేదు. క్రీస్తుపూర్వం నుంచి బౌద్ధులున్నారు, తర్వాత పోయారు, 1919లో గిడుగు రామ్మూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చారు. అంతే, ఫొటో దిగి బస్సెక్కుతాం. రామతీర్థం పక్కన గురుభక్తులకొండ ఎక్కినా ఇదే వరస. మనిషన్నవాడు లేని కొండ మీదికి భిక్షువులొచ్చి ధ్యానం చేసుకున్నట్టుంటుంది ఆ కథ.

భిక్షువుల నియమాలే ఈ కథను ఒప్పుకోవు. వినయపిటకం ప్రకారం భిక్షువు మట్టి తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు, వండుకోకూడదు. తిండి ఎవరో పెట్టాలి. మరి ఇన్ని ఇటుకలకు మట్టి తవ్విందెవరు? కాల్చడానికి కట్టెలు మోసిందెవరు? వాళ్లు సవరలేనని నేను రాయను, అందుకు ఆధారం చూపలేను. కానీ ఆంధ్రుల పేరు చెప్పిన ఐతరేయ బ్రాహ్మణమే ఆ వరసలోనే శబరుల పేరూ చెప్పింది. అంత పాత పేరున్న వాళ్ల పిల్లలు కొండెక్కినప్పుడు ఆ ప్రశ్నయినా వినపడాలి కదా.

ఇంకో సంగతి. శాలిహుండంలో తార, మారీచి విగ్రహాలు దొరికాయి. ఈ దేవతలకు పెద్దపీట వేసిన వజ్రయానంలోనే పర్ణశబరి అనే దేవత ఉంది. ఆమె విగ్రహాలు ఇక్కడివి కావు, బెంగాల్ వైపువి. ఒంటికి ఆకులు కట్టుకుని, రోగాలను కాళ్లకింద తొక్కుతూ ఉంటుంది. ఎనభైనాలుగు మంది సిద్ధుల్లో శబరపాదుడు వేటగాడు. ఇవి చూసి మురిసిపోమని చెప్పను. ఆకుల బట్ట బయటివాళ్లు మనకు తొడిగిన వేషం. అయినా అంటురోగం వస్తే వాళ్లు మొక్కిన దేవతకు శబరి పేరుంది. అడవివాళ్లకు మందు తెలుసన్న నమ్మకం అందులో ఉందని నా ఊహ.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది గిడుగు వారిని ముక్కలు చేయడం. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఆయన ఫొటోకు దండేస్తాం. శాలిహుండంలో ఆయన పేరు తలుస్తాం. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవర మనిషి దగ్గర కూర్చుని సవర నేర్చుకున్న సంగతి, సవర పిల్లలకు సవరలోనే చెప్పే బడులు పెట్టించిన సంగతి రెండు చోట్లా జారిపోతాయి. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. కొండ మీద రాళ్లకు కంచె ఉంది, కాపలా ఉంది. ఆ నిఘంటువు మాత్రం నేను పనిచేసిన ఏ బడి బీరువాలోనూ కనపడలేదు. ఆయన చదివిన రెండింటిలో ప్రాణమున్నది మన మాటే, దానికే దిక్కులేదు.

ఈసారి యాత్రకు ఉపాధ్యాయులు ఒక పని చేయండి. కొండ మీద నిలబడి రాయి, మట్టి, కట్టె, ఏరు అనే మాటలకు సవరలో ఏమంటారో పిల్లల్నే అడగండి. కింద పారే వంశధార గుణుపురం మీదుగా, సవర ఊళ్ల పక్కనుంచి వచ్చిన నీరేనని అప్పుడు చెప్పండి.