నెల పట్టిన ఇల్లు

డిసెంబరు 16 అటూఇటూ కాగానే మా పెద్దత్త ఇంటి వీధి అరుగు మీదికి ఒక పాత డాల్డా డబ్బా వచ్చి కూచుంటుంది. దాన్నిండా ముగ్గు. ఆ డబ్బా బయటికొచ్చిందంటే నెలగంట పెట్టేశారన్నమాట. ఇక భోగి దాకా ఆ ఇంట్లో తెల్లవారుజాము నాలుగు దాటాక పడుకున్నవాడికి మర్యాద ఉండదు. కోనసీమ మంచు, కాలవ మీద పొగ, గుళ్లో మైకులో తిరుప్పావై. రోజుకొకటి చొప్పున ముప్ఫై పాశురాలు అయ్యేసరికి నెల గడిచిపోతుంది.

సంక్రాంతిని మూడు రోజుల పండగంటారు. నా లెక్కలో అది ముప్ఫై రోజుల చేతిపని. ఆఖరి మూడు రోజులూ కొత్తబట్టలు కట్టుకుని ఆ పని చూసుకుని మురిసిపోవడమే. మురిసిపోవడం అందరికీ వచ్చు. చేతిపని వచ్చినవాళ్లే తగ్గిపోతున్నారు, నా బాధంతా అదే.

ముందు ముగ్గు సంగతి. ముగ్గంటే గీత అనుకునేవాళ్లు ఒకసారి మా పెద్దత్త కళ్లాపి చల్లడం చూడాలి. పేడ పల్చనైతే నేల పాలిపోయి గీత తేలదు. చిక్కనైతే ఎండెక్కేసరికి పెచ్చులు లేస్తుంది. చల్లాక సగం ఆరనివ్వాలి. తడి నిలిచి ఉంటే ముగ్గు ముద్దకడుతుంది, పూర్తిగా ఆరితే గాలికి లేచిపోతుంది. ఆ సగం ఆరిన గడియ ఎప్పుడో ఆవిడ చెప్పదు. కాలి బొటనవేలితో నేల నొక్కి చూసి డబ్బా అందుకుంటుంది. రాతిముగ్గులో గుప్పెడు బియ్యప్పిండి కలపడం ఆవిడ అలవాటు. "చీమలకిరా, మనం తొక్కే నేల వాటిదే కదా" అంటుంది.

చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ముగ్గు పట్టి బొటనవేలితో నెడుతుంది. నడుం వంగుతుంది, మోకాలు వంగదు. చెయ్యి నేలకి బెత్తెడు ఎత్తులో ఉండి, ఎత్తు మారకుండా కదులుతుంది. ఎత్తు మారితే గీత ఒకచోట తాడులా, ఒకచోట దారంలా పడుతుంది. ఆవిడ గీత మొదలు నుంచి చివరిదాకా ఒకే మందం. కొలబద్ద పెట్టి చూసినా వంక దొరకదని నా పందెం.

చుక్కల లెక్క తెలియనివాళ్ల కోసం ఒక మాట. "పదిహేను చుక్కలు, ఎనిమిది దాకా, సందు చుక్క" అంటే నడిమి వరసలో పదిహేను. దాని పైనా కిందా పద్నాలుగు, పదమూడు, అలా రెండు చుక్కల సందులో ఒక చుక్క పడుతూ ఎనిమిది దాకా తగ్గాలి. మొత్తం పదిహేను వరసలు, 169 చుక్కలు. చుక్కకి ఎదురుగా చుక్క పెడితే సరి చుక్క, దాని తీరు వేరు. చుక్కలు కలిపి పువ్వులూ చిలకలూ దించే ముగ్గులు అందంగానే ఉంటాయి, కాదనను. కానీ నేను మెలికల ముగ్గు పక్షం. మెలికలో గీత చుక్కని తాకకూడదు. దాని పక్కనుంచి వంగి, ఇంకోదాన్ని చుట్టి, తన్ను తాను దాటుకుంటూ తిరిగి తిరిగి బయల్దేరిన చోటే కలవాలి. ఎక్కడో ఒక్క మలుపు తప్పితే తప్పు అక్కడ కనబడదు. పదడుగుల అవతల గీత దారి మూసుకుపోయాక కనబడుతుంది. ఒక పుష్యమాసం కరెంటు పోయిన చీకట్లో, అరుగు మీద లాంతరు వెలుగులో, పాలు పోయడానికొచ్చినవాడితో నీళ్లపాల గురించి దెబ్బలాడుతూనే ఆవిడ పదిహేను చుక్కల మెలిక ముగించింది. తెల్లారాక నేను వేలితో గీత వెంట నడిచి చూశాను. ఒక్క చుక్క బయట మిగల్లేదు. తమిళుల కోలం మీద 1974లోనే మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరొమొనీ బృందం కంప్యూటరు శాస్త్రపు వ్యాకరణాలు రాసి అచ్చువేసింది. మనింట్లో అది వాకిలి ఊడ్చాక చేసే పని!

ఈ ఆచారం ఎప్పటిదంటే నన్నడక్కండి. మా తాత ద్వాపరయుగం అనేవాడు, మా మేనమామ రాయలవారి కాలం అనేవాడు. ఇద్దరూ చూడలేదు.

ఇప్పుడు ఊళ్లో సగం గడపల ముందు ముగ్గు స్టిక్కర్లు. ఏడాది పొడుగునా అదే ముగ్గు, అవే రెండు హంసలు, అంచులు లేచి మట్టి పట్టి. మరికొందరు చిల్లుల గొట్టం నేల మీద దొర్లిస్తారు, తీగ దానంతటదే పడిపోతుంది. ఒంట్లో ఓపిక లేని ముసలివాళ్లు చేస్తే నేనేమీ అనను. వేళ్లు పదీ ఉన్నవాళ్లకేమొచ్చింది? పోటీలు సరేసరి. బస్తాల కొద్దీ రంగులు తెచ్చి జల్లెడతో పోస్తారు. నాయకుడి మొహం వేస్తారు, బహుమతి దానికే వస్తుంది. మూల ఎక్కడో ఒకావిడ తెల్లముగ్గుతో ఇరవైఒక్క చుక్కల మెలిక తిప్పి నిలబడితే, న్యాయనిర్ణేతలుంగారు దాన్ని తొక్కుకుంటూ వెళ్లడం నా కళ్లారా చూశాను.

ముగ్గు మధ్యలోకి గొబ్బెమ్మలు రావాలి. పేడ ముద్దలే, కానీ ముద్ద చేయడంలోనూ చెయ్యి తెలుస్తుంది. పగుళ్లు లేకుండా, అడుగు వెడల్పుగా, నెత్తిన గుమ్మడిపువ్వు నిలిచేంత గట్టిగా ఉండాలి. పసుపూ కుంకుమా అద్ది బంతిరెక్కలు చుట్టూ పోసేసరికి నిన్నటి పేడ ఇవాళ అమ్మవారు. సాయంత్రం వాటినే గోడకి కొడితే పిడకలు. ఈ నెలలో నాకు తలకెక్కిన ముచ్చట ఇదే: ఏదీ ఒక్క పనితో ఆగదు. ముగ్గులో పిండి చీమకి, గొబ్బెమ్మ పిడకకి, పిడక భోగిమంటకి. మిగిలినవి అటక మీద దాగి రథసప్తమి నాడు దిగుతాయి. వాటి మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి పెడతారు. పిల్లల భోగిదండలు వేరే. బిళ్లంత పిడకలు తట్టి, తడి మీదే వేలితో చిల్లు పొడిచి, ఎండాక పురికొసకి గుచ్చుతారు. మా చిన్నప్పుడు ఎవడి దండ పొడుగన్నదే మాకు పరువు. ఇప్పుడవి ప్లాస్టిక్ సంచీలో, అట్టపెట్టెలో, ఇంటికి పార్సెల్ వస్తున్నాయి. ఒక పండక్కి మా వీధిలోనే ఒకాయన తెప్పించుకున్నాడు. ఆయన ఇంటెనకాల రెండు గేదెలున్నాయి.

ఇక అరిసెలు. ఈ సంగతి ఎత్తితే నేను ఆగను, ముందే చెబుతున్నాను.

కొత్తబియ్యం రాత్రంతా నానాలి. వార్చి, నీడన గుడ్డ మీద పరిచి, తడారకముందే దంచాలి. పిండి గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, అదీ గుర్తు. మా ఇంట్లో లెక్క కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. మరపట్టిన పిండితో రాదా అంటే వస్తుంది. కానీ మర వేడికి తడి కొంత పోతుంది, పోయిన తడి పాకం దగ్గర పగ తీర్చుకుంటుంది. బెల్లం కరిగించి, ఇసక లేకుండా వడగట్టి, మళ్లీ పొయ్యెక్కిస్తే అప్పుడు మొదలవుతుంది అసలు పరీక్ష. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తుంది పెద్దత్త. నీళ్లలో చెదిరితే ఇంకా కాలేదు. వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండై, వేలు కదిపినట్టు కదిలితే లేతపాకం. ఉండ తీసి పళ్లేనికేసి కొడితే ఠంగుమంటే ముదురు. లేతకీ ముదురుకీ మధ్య ఒక మనిషి తుమ్మినంత సేపే ఉంటుంది. ఆ కాస్తలో గిన్నె దించాలి. దించాక ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో కలపాలి. పిండి ఎంత? "పాకం తాగినంత." అంతకుమించి కొలత ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు.

పాకం తక్కువైతే అరిసె నూనెలో వెయ్యగానే విచ్చిపోయి మూకుడంతా రవ్వవుతుంది. ఎక్కువైతే పళ్లూడతాయి. ఓసారి పెద్దత్తకి జ్వరమొస్తే నేనూ మా అన్నయ్యా పట్టాం పాకం. నూనెలో అరిసె కనబడలేదు, అరిసె ఉన్న జాడ మాత్రం కనబడింది. ఆవిడ దుప్పటి కప్పుకుని వచ్చి, ఒకసారి తొంగిచూసి, ఏమీ అనకుండా గుప్పెడు తడిపిండి ఆ చలిమిడిలో వేసి పిసికి, మిగతావి నిలబెట్టింది. జ్వరంలో ఆవిడ చెయ్యి, ఆరోగ్యంగా ఉన్న మా నాలుగు చేతుల కన్నా ఎక్కువ.

తీసిన అరిసెని రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కితే నూనె కారిపోవాలి, అంచు మాత్రం నలగకూడదు. తర్వాత వరిగడ్డి మీద పరిచి ఆరనివ్వడం. ఆ గడ్డి వాసన, నువ్వుల వాసన, నెయ్యి వాసన కలిసి చావిడంతా నిండుతుంది. నేను కొట్లో కొన్న అరిసెలు కూడా తిన్నాను, అన్యాయంగా మాట్లాడుతున్నాననుకోకండి. పచ్చగా మెరిసిపోయే బెల్లం. అంత పచ్చదనం హైడ్రోస్ పొడి వేస్తే గాని రాదని అనకాపల్లి బజారులో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. మంచి బెల్లం నల్లగానే ఉంటుంది. పైగా ఏ నూనో తెలియని నూనె, గుండ్రంగా మూసలో కోసిన అంచులు. అన్నీ ఒకే బరువు, ఒకే రుచి, అంటే ఏ రుచీ లేకపోవడం. డబ్బా మీద మాత్రం "అమ్మమ్మ చేతివంట" అని అచ్చు. ఎవరి అమ్మమ్మో ఆవిడ!

గోదావరి అభిమానం కాసేపు పక్కనపెట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఓరుగల్లు, కరీంనగరం వైపు సకినాలు చుట్టే చెయ్యి చూశాక నేను నోరు మూసుకున్నాను. తడి బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి, వేళ్ల మధ్య మెలిపెడుతూ, గుడ్డ మీద ఒక చుట్టు లోపల ఒక చుట్టుగా దించుతారు. గొట్టం లేదు, అచ్చు లేదు. పిండి తాడులా తిరుగుతుంది, వేళ్ల మెలిక దాని ఒంటి మీద మిగిలిపోతుంది. అదీ ముగ్గే, కాకపోతే తినే ముగ్గు. మా పెద్దత్తకి చూపిస్తే "బాగానే ఉంది, తీపి లేదు" అంది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు.

సంక్రాంతికి మా వైపు బొమ్మల కొలువు కూడా పెడతారు. మూడో అయిదో ఏడో, మెట్లు బేసిగా. పెద్దత్త పెట్టెలో కొండపల్లి దశావతారాలు తొమ్మిదే ఉన్నాయి, వామనుణ్ని ఎప్పుడో ఎలక ఎత్తుకుపోయింది. తెల్ల పొణికి చెక్క ఎంత తేలికంటే, చేత్తో ఎత్తినా ఎత్తినట్టుండదు. చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ అతుకు నేను ఎండలో పెట్టి వెతికినా దొరకలేదు. పనివాళ్ల పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఏటికొప్పాక బొమ్మది ఇంకో విద్య. తిరిగే అంకుడు కర్రకి లక్కబిళ్ల ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది, కుంచె అక్కర్లేదు. గింజల నుంచీ బెరడు నుంచీ వేళ్ల నుంచీ రంగులు తీయడం మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో రాష్ట్రపు శకటమూ ఆ బొమ్మలదే. మన కొలువుల్లో మాత్రం ప్లాస్టిక్ కుక్కపిల్లలు, బ్యాటరీ వేస్తే పాడే వినాయకుడు. కొత్త కోడలు ఏడాదికి ఒక్క కర్రబొమ్మ కొన్నా ఏడేళ్లకి ఒక మెట్టు నిండుతుందే!

హరిదాసు ఇప్పటికీ వస్తున్నాడు మా వీధిలోకి. నెత్తిన అక్షయపాత్ర దించడు, ఒంటి మోకాలి మీద వంగుతాడు, పిల్లలు దోసిలితో బియ్యం పోస్తారు. కిందటి ఏడు ఆయన పెద్దత్త వాకిట్లో ఆగి ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చాడు. అంత చాలు ఆవిడకి, రెండు దోసిళ్లు ఎక్కువ పోయించింది.

మా అమ్మాయి హైదరాబాదులో నాలుగో అంతస్తులో ఉంటుంది. వాకిలి అంటే ఆరడుగుల టైల్సు, పేడ ప్రసక్తి లేదు. మొన్న ధనుర్మాసంలో సుద్దముక్కతో పదిహేను చుక్కలు పెట్టి, ఫోన్ వీడియోలో మామ్మకి చూపించింది. పెద్దత్త కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని కాసేపు చూసింది.

"మూడో వరసలో తొమ్మిదే పెట్టావే అమ్మడూ, పదుండాలి."

"ఏం కాదులే మామ్మా, గీత కలిసిపోయిందిగా?"

"ఎక్కడ కలిసింది? కుడిచేతి పక్క ఓ చుక్క బయటే ఉండిపోయింది చూడు."

మా అమ్మాయి ఫోను గోడకానించి వంగి చూసింది. తర్వాత తెర మీద తడిగుడ్డ కనబడింది.