ఆయన చూడని సగం కథ

"దాసరి సుబ్రహ్మణ్యం గారు ఇవాళ మీకు ఎదురుపడితే ఏమంటారు?" చందమామ చదివి పెరిగినవాళ్లను ఎవరినైనా ఈ ప్రశ్న అడిగి చూడండి. నేను చాలామందిని అడిగాను. దణ్ణం పెడతామన్నవాళ్లున్నారు, కాళ్లకు మొక్కుతామన్నవాళ్లున్నారు. అయితే నిజంగానే ఆయన ఎదుట కూర్చున్నట్టు ఊహించుకోమంటే మాత్రం కాస్త ఆలోచించి, దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "ఆ సీరియళ్లన్నీ రాసింది మీరేనా?"

పెద్ద రచయితను ఎవరూ ఇలా పలకరించరు. శ్రీశ్రీని కలిసినవాళ్లు "మహాప్రస్థానం రాసింది మీరేనా" అని అడిగి ఉండరు. దాసరి గారి పాఠకులకు మాత్రం ఆ ప్రశ్న అడిగే హక్కుంది, అడగక తప్పదు కూడా. 1932లో పుట్టి 2010 జనవరిలో కన్నుమూసిన ఆయన 1952 నుంచి 2006 దాకా, అంటే 54 ఏళ్లు, మద్రాసులో చందమామ సంపాదకవర్గంలో పనిచేశారు. 1954లో మొదలైన 'తోకచుక్క' నుంచి 'భల్లూక మాంత్రికుడు' దాకా 12 సీరియళ్లు రాశారు. మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం... పేర్లు చదువుతుంటేనే ఒక తరానికి ఒళ్లు పులకరిస్తుంది. అవి నెలనెలా వస్తున్న కాలంలో వాటి మీద ఆయన పేరు లేదు.

అది ఆయనొక్కరి సంగతే కాదు. చందమామ పద్ధతే అంత. 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు కూడా తెర వెనకే ఉండిపోయారు. విచిత్రమేమంటే బొమ్మల కింద మాత్రం సంతకాలుండేవి. సీరియల్‌కు బొమ్మలు వేసేది 'చిత్రా' అని, బేతాళ కథలకు వేసేది 'శంకర్' అని, ముఖచిత్రం కింద 'వపా' అని ఉంటే అది వడ్డాది పాపయ్య గారిదని అక్షరాలు వచ్చిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ బొమ్మలోని మాంత్రికుణ్ణి మొదట ఊహించిన మనిషెవరో తెలియదు. తెలియలేదన్న వెలితి కూడా మాకు లేదు. కథ చందమామలో ఉంటుంది, వెన్నెల చంద్రుడిలో ఉన్నట్టు. దాన్ని ఒక ఉద్యోగి పొద్దున్నే ఆఫీసుకొచ్చి, బల్ల ముందు కూర్చుని, కొట్టేసి, మళ్లీ రాసి, గడువులోగా అచ్చుకు పంపాడన్న ఊహే మాకు రాలేదు.

అదే మద్రాసులో, అంతకు కొంతకాలం ముందు, న్యాయపతి రాఘవరావు గారు పిల్లలకు రేడియో అన్నయ్య అయ్యారు. ఆయన నడిపిన రేడియో కార్యక్రమం 'బాలానందం'లో పిల్లలు ఆయన చుట్టూ చేరేవాళ్లు, పాడేవాళ్లు, నాటకాలు వేసేవాళ్లు. ఏ పాట నచ్చిందో, ఏ మాటకు నవ్వొచ్చిందో ఆయన అక్కడికక్కడే చూసేవారు. పిల్లల కోసం పనిచేసేవాడికి అంతకు మించిన జీతం లేదు. దాసరి గారికి అది దక్కలేదు. ఆయన రాసినదాన్ని లక్షలమంది పిల్లలు చదివారు. ఆ పిల్లల ముఖాలు ఆయన చూడలేదు.

సీరియల్ అన్నది నవలను ముక్కలు చేసి అచ్చువేయడం కాదు. దాని విద్య వేరు. ప్రతి భాగానికీ మొదట్లో నాలుగైదు వాక్యాల్లో జరిగిన కథ. అక్కడ ఒక్క మాట ఎక్కువైతే పాత పాఠకుడికి విసుగు, ఒక్క మాట తక్కువైతే కొత్త పాఠకుడికి అయోమయం. తర్వాత కొద్ది పేజీల్లో కథ ఒక ఆపద నుంచి బయటపడి ఇంకో ఆపద అంచుకు చేరాలి. భయం ఉండాలి, కానీ పిల్లవాడు రాత్రి దీపం ఆర్పనివ్వనంత ఉండకూడదు. చివర 'ఇంకా ఉంది' అన్న మాట పడే చోటు ఎంచుకోవడంలోనే రచయిత సత్తా తెలుస్తుంది.

దాసరి గారు ఇందులో ఆరితేరినవారు. ఆయన కథల్లో సాహసం చేసేవాడు చాలాసార్లు ఒంటరిగా ఉండడు. శిఖిముఖికి విక్రమకేసరి, ఖడ్గవర్మకు జీవదత్తుడు, జయశీలుడికి సిద్ధసాధకుడు, ధూమకుడికి సోమకుడు. ఇద్దరున్నప్పుడు భయాన్ని రచయిత వర్ణించనక్కర్లేదు, వాళ్ల మాటల్లోనే తెలిసిపోతుంది. ఒకడు తొందరపడితే ఇంకొకడు ఆపుతాడు. చదివే పిల్లవాడికి కూడా ఆ ఇద్దరి మధ్య మూడోవాడిగా నడిచే చోటు దొరుకుతుంది. ఇక ఆయన వాక్యం చూడండి. చిన్నది, సూటిగా పోయేది. కత్తి ఎత్తిన చేయి ఆ వాక్యంలోనే దిగుతుంది. వింత జంతువుల మీద స్వారీ చేసే మనుషులనైనా, పాడుబడిన కోటనైనా, మన ఊరి చెరువుగట్టు గురించి చెప్పినంత నిబ్బరంగా చెబుతారు. ఆయన నమ్మినట్టు రాశారు కాబట్టి మేం నమ్మాం.

ఇంతవరకు ఆయన చేసిన పని. ఇది కథలో సగం. మిగతా సగం 'ఇంకా ఉంది'కీ తర్వాతి సంచికకూ మధ్య, వేల ఇళ్లలో జరిగింది. ఆ సగాన్ని ఆయన చూడలేదు. ఆయన ఎదురుపడితే మనం చెప్పవలసింది అదేనని నా నమ్మకం.

ఏం చెబుతారు? ఒకాయన, బడిలో అక్షరాలు నేర్చుకున్నా చదవడం నేర్చుకున్నది 'శిథిలాలయం'తోనే అని చెబుతాడు. అన్నయ్య చదివి వినిపిస్తూ, సరిగ్గా శిఖిముఖి ఆపదలో పడ్డచోట ఆపేసి ఆటకు పోతే, ఆగలేక కూడబలుక్కుంటూ తానే చదివాడట. ఇంకొకావిడ, వాళ్ల నాన్నమ్మకు చదువు రాదు కాబట్టి వంటింటి గడపలో కూర్చుని ప్రతి నెలా సీరియల్ చదివి పెట్టేదాన్నని చెబుతుంది. ఏకాక్షి మాంత్రికుడి పేరు ఎత్తితే చాలు, నాన్నమ్మ పప్పు కలపడం ఆపేదట. ఆ నాన్నమ్మ కూడా దాసరి గారి పాఠకురాలే, ఏ చందాదారుల జాబితాకూ ఎక్కని పాఠకురాలు. మరొకాయన, సంచికల్లోంచి సీరియల్ పేజీలు మాత్రం విప్పి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్టవేసి దాచుకున్న పుస్తకం తెచ్చి చూపిస్తాడు. ఇలాంటి ఇంటి బైండింగులు తెలుగునాట ఎన్ని అటకల మీద ఉన్నాయో! ఆ కథలకు మొదటి ప్రచురణకర్తలు ఆ పిల్లలే.

తెలుగు రానివాళ్లు కూడా వస్తారు. చందమామ హిందీలో, తమిళంలో, కన్నడంలో, మరాఠీలో, ఇంకా అనేక భాషల్లో వచ్చింది. తెలుగులో పుట్టిన ఈ సీరియళ్లు ఆ భాషల్లోకీ వెళ్లాయి. అక్కడి పిల్లలు వాటిని తమ భాషలోనే పుట్టిన కథలనుకున్నారు. వాళ్లు ఆయన్ని కలిస్తే, "మీరు తెలుగువారా?" అన్న ఆశ్చర్యం ముందు, 'తోకచుక్క'లోని సమరసేనుడి కబుర్లు తర్వాత.

నేనైతే, రాకుండాపోయిన సంచిక గురించి చెబుతాను. మా వీధిలో చందమామ తెప్పించే ఇల్లు ఒక్కటే. అది ఇంటింటికీ తిరిగి, అంచులు నలిగి మా ఇంటికి చేరేది. 'యక్షపర్వతం' నడుస్తున్న రోజుల్లో ఒక నెల సంచికను చుట్టపుచూపుగా వచ్చినవాళ్లెవరో పట్టుకుపోయారు. ఖడ్గవర్మ, జీవదత్తుడు కిందటి నెల ఎక్కడ ఆగారో అక్కడే ఉండిపోయారు. వాళ్లను అలా వదిలేయడం నావల్ల కాలేదు. ఆ నెల కథ నేనే అల్లాను. నోటుబుక్కు వెనక పేజీల్లో రాసి, తమ్ముడికి చదివి వినిపించాను. వాడు నమ్మాడు. తర్వాతి సంచిక రాగానే ముందుగా చూసింది పైన ఉండే జరిగిన కథ. అసలు దారి వేరు. నేను ఇద్దరినీ కత్తులతో గెలిపించాను, ఆయన యుక్తితో తప్పించారు. ఆ నాలుగైదు వాక్యాలను నా పేజీల పక్కన పెట్టుకుని ఎంతసేపు చూశానో! ఆపద నుంచి బయటపడటానికి బలం కాకుండా ఇంకో దారి ఉంటుందని, ఆ దారి చదివేవాడికి ముందు తట్టకూడదని, తీరా తెలిశాక "అవును కదా" అనిపించాలని ఆ రోజు అర్థమైంది. రాయడంలో నాకు మొదటి పాఠం అది. చెప్పినాయనకు తాను చెప్పినట్టే తెలియదు.

"మీ సీరియల్‌లో ఒక భాగం నేను రాశానండీ" అని ఆయనతో అనాలని ఉంది. ఆ మాట ఆయనకు నచ్చుతుందనే అనుకుంటున్నాను. నెల నెలా కథను అంచున ఆపి వదిలే మనిషి, ఆ ఖాళీలో పిల్లలు ఏం చేస్తున్నారోనని ఆలోచించకుండా ఉంటాడా?

పొగడ్తకూ ఈ కబురుకూ చాలా దూరం. "మీరు గొప్ప రచయిత" అంటే రచయిత దాన్ని మర్యాదగా విని ఊరుకుంటాడు. అందులో ఆయనకు పనికొచ్చేది ఏమీ లేదు. "ఫలానా నెల మీరు అక్కడ ఆపినందుకు మా నాన్నమ్మ నిద్రపోలేదు" అంటే కుర్చీలో ముందుకు జరుగుతాడు. తాను ఎంచుకున్న చోటు సరైనదేనని ఆ ఒక్క మాటతో రుజువవుతుంది. వంట చేసినవాళ్లకు "బాగుంది" అన్న మాట కంటే మారు వడ్డించుకున్న విస్తరి ఎక్కువ చెబుతుంది. అభిమానం మారు వడ్డన అడగాలి.

పేరు లేకపోవడం గురించి కూడా నా మనసులో మాట చెప్పాలి. పేరు కోరకుండా పనిచేయడం గొప్ప గుణమని, కథే మిగలాలని, రాసినవాడు తెరవెనక ఉంటేనే అందమని కొందరంటారు. పేరు కోరని మనిషి గొప్పతనం ఆయనది. పేరు వేయకపోవడం మాత్రం గొప్పతనం కాదు. పిల్లల పత్రిక పని కథ చెప్పడంతో తీరిపోదు. కథ మనిషి చేసే పని అని, దానికి శ్రమ ఉందని, నేర్చుకుంటే నీకూ వస్తుందని కూడా చెప్పాలి. సీరియల్ పైన దాసరి సుబ్రహ్మణ్యం అన్న రెండు మాటలు ఉండి ఉంటే, నోటుబుక్కు వెనక పేజీల్లో కథ అల్లుతున్న పిల్లలందరికీ 'ఇలా బతికే మనిషి ఒకడున్నాడు' అన్న ధైర్యం దొరికేది. మద్రాసు వడపళనికి ఉత్తరాలు వెళ్లేవి. ఆయన చూడని సగం కథ కొంతైనా ఆయనకు చేరేది.

ఆ లోటును కొందరు పాఠకులే పూడ్చడానికి పూనుకున్నారు. సీరియళ్లు రాసిందెవరో ఆరా తీశారు, ఆయన పేరు నలుగురికీ చెప్పారు. కుటుంబరావు గారి కుమారుడు, సైన్సు రచయిత రోహిణీప్రసాద్ గారు ఆయన గురించి రాశారు. తర్వాత ఆ సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి. అట్టమీద దాసరి సుబ్రహ్మణ్యం అన్న పేరు ఉంది. ఆ పుస్తకాలను ఇవాళ్టి పిల్లలకు ఇచ్చే తాతలు, అమ్మమ్మలు ఒక పని చేయాలి. కథ మొదలుపెట్టే ముందు అట్టమీద పేరు పైకి చదవాలి. బొమ్మలు వేసినవారి పేరు కూడా చదవాలి. ఇంత చిన్న పనితో పిల్లలకు కథ వెనక మనుషులు కనిపిస్తారు.

ఇంకొక పని కూడా ఉంది, అది ఇప్పుడు రాస్తున్నవాళ్ల కోసం. తెలుగులో పిల్లలకు కథలు రాసేవాళ్లు ఇవాళా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఏ బహుమతి కోసమో కాకుండా, ఎవరో ఒక పిల్ల చదువుతుందన్న నమ్మకంతోనే రాస్తున్నారు. మీ ఇంట్లో పాపాయి ఒక కథను మళ్లీ మళ్లీ చదివించుకుంటుంటే, ఏ పేజీ దగ్గర కళ్లు పెద్దవి చేసిందో, ఏ మాటకు నవ్విందో, ఎక్కడ ఆపవద్దని చేయి పట్టుకుందో రాసి పెట్టుకోండి. ఆ మూడు సంగతులు ఒక కార్డు మీదో ఫోన్‌లోనో ఆ రచయితకు పంపండి. మీ పాండిత్యం అక్కర్లేదు, విశేషణాలు అక్కర్లేదు. పేజీ సంఖ్య, పిల్ల చేసిన పని, అంతే చాలు.

దాసరి గారికి చెప్పవలసినది మా తరం ఇలా ఒకరికొకరు చెప్పుకుంటోంది. చెప్పుకోవడం మంచిదే, ఆయన పేరు నిలుస్తుంది. ఇప్పుడు రాస్తున్న వాళ్ల విషయంలో మనకు అంతకంటే మంచి అవకాశం ఉంది. వాళ్ల పేర్లు పుస్తకాల మీదే ఉన్నాయి. వాళ్లు ఇంకా తర్వాతి కథ రాస్తూనే ఉన్నారు. మీ పాపాయి కళ్లు పెద్దవి చేసిన చోటు తెలిస్తే, ఆ కథ ఇంకాస్త బాగా రాస్తారు.